ఆరు పేకల ఎత్తు

మా కొట్లో గిటారు తీగల ఎత్తుని పేకముక్కలతో కొలిచేవాళ్లం. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత చెప్పేది కాస్త వినాలి.

తీగ ఎత్తు అంటే తెలియనివాళ్లకి ఒక మాట. ఎలక్ట్రిక్ గిటారు మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి, వీణకి ఉన్నట్టే. వాటి మీదుగా తీగలు పోతాయి. తీగకీ మెట్టుకీ మధ్య ఎంత సందు ఉండాలన్నది వాయించే చేతిని బట్టి. మరీ తక్కువైతే తీగ మెట్లకి తగిలి జుర్రుమంటుంది. మరీ ఎక్కువైతే వేళ్లు పుండ్లు పడతాయి. ఇప్పుడు దాన్ని కొలవడానికి సన్నటి ఉక్కు రేకులు వచ్చాయి. మాకు బిస్కెట్ల డబ్బాలో ఒక పాత పేక కట్ట ఉండేది. మెడ మధ్యలో, తీగ కింద, ఒక ముక్క మీద ఒక ముక్క దూర్చుకుంటూ పోవాలి. తీగ పైకి లేవకుండా ఎన్ని పడితే అంత ఎత్తన్నమాట. ఆ లెక్కని గిటారు పెట్టె మూత లోపల సుద్దతో గీతలు గీసేవాళ్లం. కొట్లో చేసే ఇద్దరికీ అప్పటికి చదువు రాదు. గీతలకి చదువెందుకు?

ఇద్దరూ అంటే నేనూ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకతనూ. నన్ను అప్పా అని పిలిచేవాడు, వాళ్ల వైపు అక్కని అలాగే అంటారు. నాకంటే చిన్నవాడు, కానీ పనిలో నాకంటే ముందు చేరాడు. మా నాన్న కార్పొరేషన్‌లో కాలవలు తీసే పని చేసేవాడు. మా ఇల్లు కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో. నేను మొదట ఫ్యాన్లకి తీగ చుట్టే కొట్లో చేశాను. సన్న తీగ నా చేతిలో తెగదని ఎవరో చెబితే, ఏక్‌బాల్‌పూర్ సందులో వాయిద్యాలు బాగుచేసే బెంగాలీ ముసలాయన నన్ను పిలిపించుకున్నాడు. గిటారు పొట్టలో తీగల చప్పుడు పట్టుకునే కాయిల్ ఒకటి ఉంటుంది, పికప్ అంటారు. అవి చుట్టడం నా పని. తీగల అడుగు చివర ఆనే బ్రిడ్జీలు, శృతి బిగించే బిరడాలు, మెడలు శ్రీకాకుళపు అతని పని. యజమాని పని మా ఇద్దర్నీ తిట్టడం.

యజమాని పెట్టిన నియమం ఒకటే. ఏ స్క్రూ ముట్టుకోకముందే కొలువు. తీసిన పాత సామాను, గిటారు తెచ్చినవాడు వాయించి చూసేదాకా పారేయకు. తీగలన్నీ ఒక్కసారి విప్పి మెడని బోసిగా వదిలేయకు, తీగల లాగుడికి అలవాటుపడ్డ కర్ర అది, వంపు మారిపోతుంది. ఇవి మూడు మాటల్లా వినిపిస్తాయిగానీ, ఆయనకి ఒకటే. వచ్చినప్పుడు ఎలా ఉందో తెలియకుండా చెయ్యి పెట్టకు, అంతే.

ఆ వానాకాలం ఒకాయన తన గిటారు తెచ్చాడు. ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్ల కుటుంబం. పార్క్ స్ట్రీట్ వైపు ఒక హోటల్లో సాయంత్రాలు బ్యాండులో వాయించేవాడు. అందరూ మాస్టారూ అనేవాళ్లు, మేమూ అలాగే. ఎప్పుడో రైలు పెట్టె తలుపులో పడి ఆయన ఎడమచేతి ఉంగరపు వేలు చివరి కణుపు బిగుసుకుపోయింది. వంగదు. ఆ వేలితోనే తీగని పక్కకి తోసి, స్వరాన్ని సాగదీసి ఏడిపించేవాడు. వంగని వేలితో అదెలా అని మీరు అడగాలి. ఆయన గిటారు మీద సన్న తీగలు చాలా ఎత్తులో ఉండేవి, అందుకు. ఆ వేలు తీగ కిందకి కొంచెం దూరి, దాన్ని కొక్కెంలా పట్టేది. మామూలు చేతికి ఆ గిటారు ఇస్తే, ఎవడు పెట్టాడిలా అని తిడతారు.

సమస్య ఎత్తుది కాదు. ఈ ఊరి చెమ్మకి బ్రిడ్జి తుప్పుపట్టి, తీగలు కూర్చునే ఇనుప దిమ్మలు పళ్లుదేలి, వారం తిరక్కుండా తీగ తెగిపోతోంది. పాట మధ్యలో తెగితే చూసేవాళ్లు చప్పట్లు కొడతారుగానీ హోటల్ వాళ్లు కొట్టరు. రేవులో దిగిన ఓడ మనిషి దగ్గర ఆయన కొత్త బ్రిడ్జి సంపాదించాడు. జపాన్‌దన్నాడు. మెరుస్తోంది. అది వెయ్యాలి, మిగతాది ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఇదీ ఆయన అడిగింది.

అడగడంలో కంగారుంది. హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని ఇంకో కుర్రాణ్ణి చూసి పెట్టుకున్నాడట. ఇద్దర్నీ ఒకే సాయంత్రం విని ఒకర్ని ఉంచుకుంటానన్నాడు. ఆయనకి అప్పటికే నలభై దాటిపోయింది. ఆ వేలితో ఇంకే బ్యాండులోనూ కొత్తగా చోటు దొరకదు. ఎవరికైనా ముందు వేలే కనబడుతుంది.

శ్రీకాకుళపు అతను పద్ధతి ప్రకారమే కొలిచాడు. సన్న తీగ వైపు ఆరు ముక్కలు. పెట్టె మూతలో ఆరు గీతలు గీశాడు. లావు తీగ వైపూ గీశాడు. తీగలు ఒక్కొక్కటే వదులు చేసి పాత బ్రిడ్జి తీసి కిరసనాయిలు డబ్బాలో వేశాడు. కొత్తదాని కింద ఎర్త్ తీగ సీసంతో అతకడానికి వేడి కావాలి, కరెంటు కావాలి. కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందని అడిగేవాణ్ణి పిచ్చివాడనుకునేవాళ్లు. మెడ వంపు మారకుండా చెక్క బద్ద కట్టిన గిటారు అలా రెండు మూడు రోజులు బల్ల మీదే ఉండిపోయింది.

ఆ మధ్యలో ఒకటి జరిగింది. అప్పుడు అది జరిగినట్టే మాకు అనిపించలేదు.

మా సందు మొగలో పాడా క్లబ్బు, అంటే పేటవాళ్ల క్లబ్బు, ఉండేది. క్లబ్బంటే రేకుల పంచ, ఒక కేరమ్ బల్ల, గోడ మీద జెండా. రేవులో సరుకు లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన ఆ క్లబ్బుకి పెద్ద. వానకి పని లేక జనం పేకాటకి కూర్చున్నారు, కట్ట దొరకలేదు. మా కొట్టుకొచ్చి మా డబ్బా అడిగి పట్టుకుపోయాడు. మర్నాడు డబ్బా తెచ్చి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు పొంగిపోతూ ఇచ్చాడు. మీ ముక్కలు మరీ మట్టికొట్టుకుపోయాయి దిదీ, అవి మా ఆటకి చాల్లే, ఇదిగో మీకు కొత్త కట్ట, ఓడలో వచ్చింది, తడిస్తే తుడుచుకోవచ్చు, అన్నాడు. దణ్ణం పెట్టి పుచ్చుకున్నాం. నేనే పుచ్చుకున్నాను. శ్రీకాకుళపు అతను ఒక ముక్క తీసి వేలితో రాసి, అద్దంలా ఉందన్నాడు.

కరెంటు వచ్చింది. కొత్త బ్రిడ్జి కూర్చుంది. కొత్త కట్టతో ఆరు ముక్కలు పెట్టి, గీతలు చూసుకుని, తీగలు దింపాడు. మాస్టారు వచ్చి, టైము లేక, నాలుగు తీగలు మీటి పట్టుకుపోయాడు.

మర్నాడు బంద్. ట్రాములు లేవు, బస్సులు లేవు. మా యజమాని అవతలి ఒడ్డున హావ్‌డా వైపు ఉండేవాడు, రాలేదు. నాకు ఇంటి నుంచి నడక దూరమే కాబట్టి వెళ్లాను. శ్రీకాకుళపు అతను కొట్టు వెనక గదిలోనే ఉంటాడు. బంద్ రోజు కొట్టు తెరిస్తే క్లబ్బువాళ్లే వచ్చి మూయిస్తారు. సగం షట్టరు దించి, వంగి లోపలికి దూరాను. కాసేపటికి మాస్టారు కూడా అలాగే వంగి దూరాడు. గిటారు భుజాన వేసుకుని ఎంటాలీ నుంచి నడిచి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

నిలబడే వాయించాడు. కరెంటు లేదు. కరెంటు లేనప్పుడు ఎలక్ట్రిక్ గిటారు దోమలా పాడుతుంది. అందుకని మేం గిటారు తలని చెక్క బీరువా తలుపుకి ఆనించేవాళ్లం. తలుపు పలుకుతుంది. యజమాని ఆ బీరువాని మన యాంప్లిఫయర్ అనేవాడు. మాస్టారు బీరువాకి ఆనించి ఉంగరపు వేలితో తీగ తోశాడు. తీగ వేలి కింద నుంచి జారిపోయింది. మళ్లీ తోశాడు. వేలు పక్క తీగ మీదకెక్కింది, రెండూ కలిసి గీపెట్టాయి.

“రాత్రంతా ఇదే సేసినాను. సేతిలో ఉన్న పాట కూడా పోనాది,” అన్నాడు.

శ్రీకాకుళపు అతను డబ్బా తెచ్చి, ముక్కలు పెట్టి చూపించాడు. సరిగ్గా ఆరు. తీగ కదల్లేదు.

“గీతలు సూసుకోండి, ముక్కలు సూసుకోండి మాస్టారూ. నాను కొలిసే దించినాను. ఏటి తప్పు?”

“నీ ముక్కలు సరే అంతన్నాయి. నా ఏలు ఒప్పుకోటం నేదు. దేన్ని నమ్మమంతావు?”

“కొత్త బ్రిడ్జి కదా, రెండ్రోజులు అలవాటు సేసుకోవాల.”

“నాకు రెండ్రోజులేవిరా? సాయంత్రం ఆడెదర కూకోవాల.”

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు మాస్టారి మీదే అనుమానం వచ్చింది. భయంలో ఉన్న చెయ్యి తప్పు చేస్తుంది, తప్పు సామాను మీద వేస్తుంది. ఇలాంటివాళ్లని చాలామందిని చూశాం. శ్రీకాకుళపు అతను ఇంకే పనిలోనైనా తప్పాడంటే నేను ఒప్పుకునేదాన్ని, కొలవడంలో తప్పాడంటే మాత్రం ఒప్పుకోను. పోనీ పాత బ్రిడ్జే మళ్లీ పెట్టేయమన్నాడు మాస్టారు. పెట్టినా తీగ పాట మధ్యలో తెగుతుంది. పైగా ఎత్తు ఎంత పెడతాం? ఆ ఆరు ముక్కలే కదా పెడతాం.

ముక్కలు బల్ల మీద పడి ఉన్నాయి. ఊరికే, చెయ్యి ఖాళీగా ఉండలేక, పోగుచేసి డబ్బాలో పెట్టబోయాను. మూత పడింది. కొంచెం ఊపితే లోపల ముక్కలు గలగలమన్నాయి. ఆ డబ్బా ఎప్పుడూ గలగలమనలేదు. మా పాత కట్ట చెమ్మకి ఉబ్బి, చెమటకి బలిసి, మూత నొక్కి పట్టుకుంటేగానీ పడేది కాదు.

“ఇది మన కట్ట కాదుగా,” అన్నాను.

“కాదు. గుమాస్తా దాదా ఇచ్చిందే. నువ్వే పుచ్చుకున్నావు,” అన్నాడు శ్రీకాకుళపు అతను.

“కొలిసింది దేంతో?”

అతను మెల్లగా అన్నాడు, “పాతదాంతో కొలిసినాను. దించింది దీంతో.” ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. “పేక పేకే కదా అనుకున్నానప్పా.”

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి పగలు ఎంతో మిగల్లేదు. పాత కట్ట క్లబ్బులో ఉండాలి, ఉంటే. ముగ్గురం షట్టరు కింద నుంచి బయటికొచ్చాం.

క్లబ్బు పంచలో ఆట జోరుగా ఉంది. బంద్ రోజంటే ఈ ఊరికి పేకాట పండగ. నలుగురు ఆడుతుంటే పదిమంది వాళ్ల భుజాల మీద నుంచి ఆడుతున్నారు. మా కట్టే. వెనకవైపు పువ్వులు అరిగిపోయిన ఎర్ర ముక్కలు, దూరం నుంచే పోల్చుకున్నాను. గుమాస్తాకి చెప్పాను, మా ముక్కలు మాకు కావాలని. ఆయనకి కోపం వచ్చింది. కొత్తది ఇచ్చి పాతది తీసుకుంటే అదీ తప్పేనా అన్నాడు. ఆటలో ఒకడి చేతిలో మంచి ముక్కలు పడ్డట్టున్నాయి, వాడు తల కూడా ఎత్తలేదు. ఓడిపోతున్నవాడు మాత్రం, పాపం దిది అడుగుతోంది ఇచ్చేయండి అని మహా జాలిపడ్డాడు. అందరూ వాణ్ణి ఆడిపోసుకున్నారు.

మాస్టారు ముందుకొచ్చి గుమాస్తాకి తన వేలు చూపించాడు. వంచి చూపించబోయాడు, వంగలేదు. ఈ సాయంత్రం ఏముందో బెంగాలీలో రెండు ముక్కల్లో చెప్పాడు. బతిమాలలేదు. గుమాస్తా ఆ వేలివంకే చూశాడు. రేవులో పనిచేసేవాడికి పాడైన వేళ్లు కొత్తకాదు.

తర్వాత పక్కనున్న బల్ల మీద నుంచి ఒక చిన్న కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. వాళ్లు ఆడే ఆటకి పెద్ద ముక్కలే కావాలట. రెళ్లు, మూళ్లు, నాలుగులు, ఆ లెక్కన చిన్నవన్నీ తీసి అవతల పడేస్తారు. ఇవి మాకు దండగ, నీకు పనికొస్తే పట్టుకుపో, అన్నాడు. గిటారుకి రాజైనా రెండైనా మందం ఒకటే. ఇంత సేపూ అవి అక్కడే, వాళ్ల టీ గ్లాసుల పక్కన పడి ఉన్నాయి.

కొట్లోకొచ్చి పాత ముక్కలు ఆరు, కొత్త ముక్కలు ఆరు పక్కపక్కన నిలబెట్టాం. తేడా కంటికి కనబడింది. గోరంత. ఆ గోరంతలోనే ఆయన వేలు దూరేది.

శ్రీకాకుళపు అతను ఒక్కో దిమ్మ స్క్రూ తిప్పి తీగలు లేపాడు. ఎత్తు మారితే స్వరం కూడా జరుగుతుంది, ఇది చాలామంది మరిచిపోతారు. తీగని ఊరికే మీటినప్పటి స్వరానికీ, మెడ మధ్యలో నొక్కినప్పటి స్వరానికీ పొత్తు కుదిరేదాకా ప్రతి దిమ్మనీ ముందుకో వెనక్కో జరపాలి. మళ్లీ శృతి చేయాలి. మళ్లీ ముక్కలు పెట్టి చూడాలి. కొత్త బ్రిడ్జి స్క్రూలు పొట్టివి. ఆరో ముక్క పట్టేసరికి స్క్రూ చివర అంటీ అంటనట్టు ఉంది. ఇంకో ముక్క ఎత్తు అడిగి ఉంటే చేయలేకపోయేవాళ్లం.

మాస్టారు గిటారు తలని బీరువాకి ఆనించాడు. వేలు పెట్టి తోశాడు. తీగ నిలబడింది. స్వరం సాగి, సాగి, పైస్వరం అందుకుంది. బీరువాలో సామాన్లు కూడా గలగలమన్నాయి. ఆయన తలుపు మీద నుదురు పెట్టుకుని ఒక్క నిమిషం అలాగే ఉండిపోయాడు.

సాయంత్రం బంద్ సడలింది. మీరూ రండి, ఆ స్క్రూలు జారితే చూసేవాళ్లుండాలి అన్నాడాయన. వెళ్లాం. హోటల్ ముందు తలుపు మాలాంటివాళ్లకి కాదు, వంటింటి వైపు నుంచి దూరాం. అన్నేళ్లు గిటార్ల మధ్య బతికి, ఒక గిటారు జనం ముందు పలకడం నేను వినడం అదే మొదలు. వినడమే, చూడ్డం కాదు. గిన్నెలు తోమే చోట నిలబడ్డాం, మధ్యలో ఊగే తలుపు.

ముందు ఆ కుర్రాడు వాయించాడు. బాగా వాయించాడు. వేగం ఉంది, తప్పు లేదు. నేను శ్రీకాకుళపు అతని మొహం చూశాను, అతను నా మొహం చూడలేదు. తర్వాత మన మాస్టారు. ఒక పెద్దావిడ పాడుతోంది, ఆ హోటల్లో చాలాకాలంగా పాడుతున్నావిడే. ఆమె గొంతు పాట చివర పైకి వెళ్లి అక్కడ ఆగింది. గిటారు కింద నుంచి మెల్లగా సాగుతూ వెళ్లి ఆమె పక్కన నిలబడింది. తొందర లేదు. శ్రీకాకుళపు అతను కళ్లు మూసుకుని, బొటనవేలితో చూపుడువేలిని నలుపుకుంటున్నాడు, మధ్యలో పేకముక్క ఉన్నట్టు.

తలుపు సందులోంచి ఒక్కసారి తొంగిచూశాను. కొత్త యజమాని ఆవిణ్ణి అడుగుతున్నాడు, ఇద్దరిలో ఎవరితో పాడతావని. ఆవిడ మాస్టారి వైపు తిరిగి, తర్వాతి పాటకి శృతి ఏదో చెప్పింది.

ఖిదిర్‌పూర్ వంతెన దాటాక శ్రీకాకుళపు అతను అన్నాడు.

“ఇకనుంచీ ఏ గిటారు ముక్కలు ఆ గిటారుకే కట్టేద్దామప్పా. పెట్టెలో పడుంటాయి. గీతలొద్దు.”

అదే మా కొట్టు కొత్త నియమం అయింది. మాస్టారి ఆరు ముక్కలకీ అతనే దారం చుట్టి, తన ఊళ్లో వల కట్టేవాళ్లు వేసే ముడి వేసి ఆయన పెట్టెలో పెట్టాడు. చిన్న ముక్కలు మా దగ్గర, పెద్దవి క్లబ్బులో. ఆ తర్వాత మా డబ్బా ఎవరూ అరువడగలేదు. రెళ్లూ మూళ్లూ ఎవడిక్కావాలి?

నేను అక్షరాలు నేర్చుకున్నది ఇంకా చాలా తర్వాత. బస్తీలో పెట్టిన సాయంత్రం బడిలో ముందు బెంగాలీ, ఆ తర్వాత తెలుగు సంఘం గదిలో ఒక బ్యాంకు ఆఫీసరుగారి భార్య దగ్గర తెలుగు. అప్పటికి శ్రీకాకుళపు అతను ఊరెళ్లిపోయి అక్కడే పోయాడు. మాస్టారు వాయించడం మానేసి ఖరగ్‌పూర్ వెళ్లిపోయారని విన్నాను. కొట్టు యజమాని కొడుకుది అయింది. నాకు కళ్లు మసకలు, అయినా వారంలో కొన్ని రోజులు వెళ్లేదాన్ని.

ఒకరోజు సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే ఒకబ్బాయి గిటారు తెచ్చాడు. తెలంగాణ పిల్లవాడు. పాతది ఎవరి దగ్గరో కొన్నాడట. కొత్త పికప్ వెయ్యాలి, తీగలు దించాలి.

“గింత ఎత్తు ఎవరు పెట్టిన్రు ఆంటీ? వాయించనీకే వస్తలేదు.”

పెట్టె తెరవకముందే అది మాస్టారిదని పోల్చుకున్నాను. తెరిస్తే మెరుపు పోయిన జపాన్ బ్రిడ్జి, అడుగున దారం చుట్టిన ఎర్ర ముక్కలు. ఇవేందని అడిగాడు. చెప్పాను, మీకు చెప్పినంత చెప్పలేదు. విని ఆ ముక్కల్ని వేలితో తడిమాడు.

“అయితే దించొద్దా ఆంటీ?”

“నీ సెయ్యి సూపించు,” అన్నాను.

చూపించాడు. మంచి వేళ్లు, అన్నీ వంగుతున్నాయి. ఎత్తు ఎవరి చేతికి పెడతామో వాళ్ల చేతికే. పాత మనిషి మీద గౌరవంతో ఈ పిల్లవాడి వేళ్లు పుండ్లు చేయడం నా పని కాదు. పికప్ వేశాను. తీగలు నాలుగు ముక్కల ఎత్తుకి దించాను, స్వరం సరిచేశాను. బీరువాకి ఆనించి వాయించమన్నాను. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత నవ్వాడు.

దారం ముడి గోటితో రాలేదు. పళ్లతో విప్పాను. ఆరింట్లో రెండు తీసి, మిగిలినవి మళ్లీ కట్టి ఆ పిల్లవాడి పెట్టెలో పెట్టాను. తీసిన రెండూ బిస్కెట్ల డబ్బాలో వేసి, మూత నొక్కాను.